గేటు లోపల జరిగినా అది బస్సు ప్రమాదమే

చి.ల.సౌ. అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు, అందుకే రాస్తున్నాను. అల్లుడికీ చదివి వినిపించు.

ముందు అల్లుడి కాలు సంగతి. బడి గ్రౌండ్‌లో బస్సుకు రివర్స్ చెప్తుండగా వెనక టైరు పాదం మీద ఎక్కిందన్నావు కదా. ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారని ధీమాగా ఉండొద్దు. బస్సు టైరు పాదం మీదుగా పోతే పైకి చర్మం బాగానే కనిపిస్తుంది కానీ, లోపల కండ నుంచి విడిపోయి ఉండొచ్చు. ఒక్కోసారి కొన్ని రోజులకు నల్లబడ్డాక గానీ అది తెలియదు. పాదం, పిక్క బిర్రబిగుసుకుపోయినా, ఇంజెక్షన్‌కు కూడా నొప్పి లొంగకపోయినా, వేళ్లు కదిపితే కేకలు పెట్టినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకు. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోతే గంటల్లోనే కండ చచ్చిపోతుంది. మొహమాటపడకుండా డ్యూటీ డాక్టర్‌ని లేపు.

ఇక బడివాళ్ల మాట. "మా కాంపౌండ్‌లో జరిగింది, రోడ్డు మీద కాదుగా, కేసు ఉండదు" అన్నారట. అది నిజం కాదు తల్లీ. యాక్సిడెంట్ కేసులు చూసే లాయరు దగ్గర గుమాస్తాగా తల పండినవాణ్ణి. ఈ ఒక్క మాట నమ్మి నోరు మూసుకున్న కుటుంబాలను చూశాను, ఇప్పటికీ కడుపు మండుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం కింద ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందుగా చూసేది వాహనం వల్ల దెబ్బ తగిలిందా లేదా అని. పబ్లిక్ ప్లేసా కాదా అన్న పేచీ ఇన్సూరెన్స్ కంపెనీ పెడుతుంది. చట్టం ప్రకారం పబ్లిక్ ప్లేస్ అంటే రోడ్డొక్కటే కాదు, జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా. హైదరాబాద్‌లో ఎంజీబీఎస్, జేబీఎస్ బస్టాండ్లలో బస్సెక్కే ప్లాట్‌ఫారాలూ అందులోకే వస్తాయి. తల్లిదండ్రులు రోజూ వచ్చిపోయే బడి ఆవరణ కూడా అంతేనని మనం వాదిస్తాం. అక్కడ కంపెనీ తప్పించుకున్నా, డ్రైవరు తప్పు రుజువైతే బస్సు ఓనరు కట్టక తప్పదు.

పోలీసులు కూడా "లోపలి సంగతి" అంటే, భారతీయ న్యాయ సంహితలో అడ్డదిడ్డంగా బండి నడపడం మీద ఉన్న 281 సెక్షన్ పబ్లిక్ దారికి సంబంధించినదే గానీ, నిర్లక్ష్యంతో ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు తేవడం మీద ఉన్న 125కి ఆ షరతు లేదని చెప్పు.

అన్నిటికన్నా ముఖ్యం, క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (పోలీసు కేసయ్యే దెబ్బ అని ఆస్పత్రి రాసే రికార్డు) రాశారా, అందులో ఏం రాశారో ఇవాళే కనుక్కో. అల్లుణ్ణి తీసుకొచ్చింది బడి మేనేజరు కదా, నా భయం అదే. ఇలాంటప్పుడు "జారి పడ్డాడు" అని ఒక్క ముక్క రాయించేస్తారు. రేపు ఇన్సూరెన్స్ లాయరు ఆ ముక్క పట్టుకునే క్రాస్ చేస్తాడు. అలా ఉంటే బస్సు నంబరు, టైము, గ్రౌండ్‌లో ఏ మూల, రివర్స్ చెప్తుండగా వెనక టైరు ఎక్కిందన్న సంగతి అల్లుడి నోటితోనే డాక్టరుకీ, ఎస్సైకీ చెప్పించు. కంప్లైంట్ కాగితం మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకో.

గేటు బయట జరిగిందని రాయిస్తే పని సులువవుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినొద్దు. సీసీ కెమెరాలో ఒకటి, కంప్లైంట్‌లో ఒకటి ఉంటే ఉన్న నిజం కూడా పోతుంది. ఆ ఫుటేజీ కొన్నాళ్లకు చెరిగిపోతుంది కాబట్టి సీజ్ చేయమని ఎస్సైకి రాతపూర్వకంగా అడుగు.

కేంద్రం పెట్టిన 1.5 లక్షల క్యాష్‌లెస్ వైద్యం రోడ్డు ప్రమాదాలకు. దాని మీద ఆశ పెట్టుకోకు. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కట్ అవుతోందేమో స్లిప్ చూడు, అవుతుంటే సనత్‌నగర్ ఆస్పత్రి ఉంది. ఈఎస్ఐ లేకపోతే, ఉద్యోగంలో ఉండగా తగిలిన దెబ్బ కాబట్టి కార్మికుల పరిహారం దారీ ఉంది, కానీ అదీ ట్రిబ్యునల్ రెండూ కుదరవు, ఒకటే ఎంచుకోవాలి. ఆ లెక్క నేనొచ్చి కూర్చుని వేద్దాం. 2019 సవరణ ప్రకారం క్లెయిమ్‌కు గడువు ఆరు నెలలే, వాయిదా వేయొద్దు.

బడివాళ్లు డబ్బిస్తే తీసుకో, కానీ రాజీ కాగితం మీద గానీ తెల్లకాగితం మీద గానీ సంతకం పెట్టకు. బిల్లులన్నీ, మందుల చీటీలతో సహా, ఒక కవర్లో వెయ్యి. బస్సు నంబరు నాకు వాట్సాప్‌లో పెట్టు, ఇన్సూరెన్స్ ఎవరిదో నేను కనుక్కుంటాను. ఆదివారం పొద్దున్నే మీ పెద్దమ్మా నేనూ ఆస్పత్రికి వస్తున్నాం.

పెద్దనాన్న