లేత్ గార్డు సొంతంగా చేసుకుంటే నిజంగా మిగులుతుందా?

ప్రశ్న: చిన్న లేత్ వర్క్‌షాప్ నడుపుతున్నాను. మిషన్ పాతది, 160 మి.మీ. చక్‌కు (పని ముక్కను పట్టుకుని తిప్పే భాగం) గార్డు లేదు. కొత్తది కొంటే నెల లాభంలో సగం పోతుంది. షాపులో మిగిలిన యాక్రిలిక్ షీట్‌తో నేనే చేసుకుని, మిగిలిన డబ్బు లోన్‌కు ముందుగా కట్టేయవచ్చా?

సమాధానం: గార్డు మీరే చేసుకోండి, కానీ ఆ షీట్‌తో వద్దు. గట్టి దెబ్బ తగిలితే యాక్రిలిక్ పదునైన ముక్కలుగా పగులుతుంది. పాలికార్బొనేట్ సొట్టపడి తట్టుకుంటుంది. ఫ్రేమ్ మీద, పనితనం మీద ఎంతైనా ఆదా చేయండి. షీట్, గార్డు ఎత్తగానే మోటారును ఆపే స్విచ్ మాత్రం మంచివే కొనండి.

పాలికార్బొనేట్ షీట్ 5 మి.మీ. మందం తీసుకోండి. చక్ చుట్టూ గుండ్రంగా వంచాలని చూడకండి. వేడి చేయకుండా వంచితే వంపు వ్యాసార్థం మందానికి కనీసం 100 రెట్లు, అంటే 500 మి.మీ. ఉండాలి. అంతకన్నా బిగువుగా వంచితే షీట్‌లో ఒత్తిడి నిలిచిపోయి, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) తగిలేకొద్దీ సన్నని పగుళ్లు వస్తాయి. మూడు చదును ముక్కలు కోసి 25 మి.మీ. అల్యూమినియం యాంగిల్‌కు బిగించడమే చవక. 6 మి.మీ. బోల్ట్‌కు 8 మి.మీ. రంధ్రం వేయండి, అంచు నుంచి 16 మి.మీ. వదలండి. వెడల్పాటి నైలాన్ వాషర్ పెట్టి, షీట్ కదలనంత వరకే బిగించండి. కౌంటర్‌సంక్ స్క్రూ (తల కిందికి సన్నబడే స్క్రూ) వద్దు, దాని తల చీలలా దిగి షీట్‌ను చీలుస్తుంది. నట్టు వదులవకుండా లోపల నైలాన్ ఉన్న లాక్ నట్టు వాడండి, థ్రెడ్ లాక్ ద్రవం షీట్‌ను తినేస్తుంది. థిన్నర్, అసిటోన్ కూడా అంతే. సబ్బునీళ్లతోనే తుడవాలి.

హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే పెట్టె) వెనక 12 మి.మీ. ఉక్కు రాడ్ మీద గార్డు పైకి లేచేలా అమర్చండి. చక్ జాలు (పట్టు దవడలు) పూర్తిగా బయటికి వచ్చినప్పుడు కూడా 25 మి.మీ. ఖాళీ ఉండాలి, చక్‌ను చేత్తో తిప్పి చూసుకోండి. అయస్కాంతపు బేస్ మీద నిలబెట్టే గార్డు చక్ దగ్గర పనికిరాదు, అదురుకు జరిగి చక్‌లోనే పడుతుంది.

స్విచ్ దగ్గరే చాలామంది పొరపడతారు. మోటారు కరెంటును నేరుగా చిన్న లిమిట్ స్విచ్ (కదిలే భాగం నొక్కితే పనిచేసే స్విచ్) గుండా పంపితే కాంటాక్టులు అతుక్కుపోతాయి, గార్డు తెరిచినా చక్ ఆగదు. ఆ స్విచ్‌ను స్టాప్ బటన్‌తో సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా), కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చి తెంచే పెద్ద స్విచ్) కాయిల్ లైన్‌లో పెట్టించండి. గార్డు ఎత్తితే రాడ్ మీది క్యామ్ (ఉబ్బెత్తు ముక్క) స్విచ్‌ను నొక్కి లైన్ తెంచాలి, దించినంత మాత్రాన మిషన్ మొదలవకూడదు. ఈ పనికి ఎలక్ట్రీషియన్ కూలీ బడ్జెట్‌లో రాసుకోండి.

ఇక లెక్క. సామాను, కూలీతో పాటు మీ గంటల విలువ కూడా కలపండి. ఆర్డర్లు నిండుగా ఉన్న వారంలో చేస్తే ప్రతి గంటా పోయిన బిల్లే, ఖాళీ రోజుల్లో చేస్తే దాదాపు ఉచితం. మొత్తం కొనే ధరలో 70 శాతం దాటితే నేనైతే కొనేయమంటాను. షీట్ శాశ్వతం కాదు. రెండేళ్లకు మార్చేలా దాని ధరను 24 భాగాలు చేసి, నెలనెలా మెయింటెనెన్స్ ఖాతాలో వేయండి. పసుపుబారినా, గీతల్లాంటి పగుళ్లు కనిపించినా గడువు దాకా ఆగవద్దు.

లోన్ ముందస్తు చెల్లింపు ఇప్పుడే వద్దు. ఈ గార్డు చిప్స్‌ను (లోహపు తురుమును), చెయ్యి పొరపాటున తగలడాన్ని ఆపుతుంది. సరిగా బిగించక ఎగిరొచ్చే బరువైన జాబ్‌ను (పని ముక్కను) ఆపుతుందని నమ్మలేం. అందుకే ముందు మూడు నెలల ఈఎంఐ, షాపు ఖర్చులు పక్కన పెట్టండి. తాత్కాలికంగా పని చేయలేని వారాలకు కూడా డబ్బిచ్చే ప్రమాద బీమా తీసుకోండి. పనివాళ్లుంటే వాళ్ల భద్రత బాధ్యత మీదే. సొంతంగా చేసిన గార్డుకు పాలసీ వర్తిస్తుందో లేదో బిగించకముందే బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాక దాన్ని పాలసీ కాగితాలతోనే దాచుకోండి.