పొద్దుగుంకాక పిల్లలెలా ఉంటున్నారో అడుగు

చిరంజీవి సుజాతకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వు అంగన్‌వాడీ టీచరుగా ఎంపికయ్యావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. రిజిస్టర్లు, తూకాలు, గుడ్ల లెక్క వారంలో వచ్చేస్తాయి. నా గుబులంతా పిల్లల కళ్ల గురించే.

నేను చేరిన ఏడాది, మా కేంద్రానికి వచ్చే నాలుగేళ్ల పిల్లవాడు పొద్దుగుంకితే కొంగు వదలడం లేదని వాళ్లమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. పగలు అందరితో సమానంగా పరుగెత్తేవాడు కనుక, చీకటంటే పిల్లలందరికీ భయమేలే అని నేను కొట్టిపారేశాను. ఒక సాయంత్రం సర్వే కోసం వాళ్లింటికి వెళ్లేసరికి, దీపం పక్కనే కూర్చున్న వాడు కంచం కోసం తడుముకుంటూ నీళ్ల చెంబులో చెయ్యి పెట్టాడు. మర్నాడు చూస్తే కంటి తెల్లగుడ్డు మీద సబ్బు నురగ ఎండినట్టు చిన్న మచ్చ ఉంది. అది రేచీకటి, ఎ విటమిన్ చాలక వచ్చేది. మూడు నెలల కిందట తట్టు వచ్చిందనీ, పథ్యమని గుడ్డు, పాలు, నెయ్యి మాన్పించారనీ అప్పుడు తెలిసింది. ఒంట్లో ఉన్న కాస్త ఎ విటమిన్‌నూ తట్టు హరించివేస్తుంది. ఆస్పత్రిలో మందు పోశాక కొద్ది రోజులకే చూపు తేరుకుంది. ఇంకా ఆలస్యమైతే నల్లగుడ్డు మెత్తబడి కన్నే పోయేదని డాక్టరు చెబుతుంటే, ఆ తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు. అంగన్‌వాడీ నడిచేది పగలు, రేచీకటి తెలిసేది చీకటి పడ్డాక. అందుకే ప్రతి తల్లినీ అడుగు, చెప్పింది విను.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఆధారంగా 1970లో మొదలైన ఎ విటమిన్ మందు ఇది: తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాతో 1 మిల్లీలీటరు, అంటే లక్ష యూనిట్లు; ఆపైన ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి 2 మిల్లీలీటర్లు. కార్డు చూడనిదే ఎవరికీ పోయనివ్వకు, ఎక్కువైతే అపాయం.

తోటకూర, మునగాకు, పండిన బొప్పాయి, గుమ్మడికాయ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. అయితే ఆకుకూరను వట్టి నీళ్లలో ఉడికించి పెడితే అందులోని సత్తువ ఒంటికి సరిగా పట్టదు, చెంచాడు నూనె పడాలి. మునగాకును ఎండలో కాదు, నీడన ఆరబెట్టించు. చిన్నప్పుడు పప్పులో మునగాకును ఏరి కంచం అంచున పెట్టేదానివి; ఆ పిల్లల ముందు మాత్రం అలా చేశావంటే ఊరుకోను, తల్లీ.

మా పెరటి మునగ కొమ్మ ఒకటి మీ అమ్మతో పంపిస్తున్నాను. కేంద్రంలో పంపు నీళ్లు పారేచోట నాటించు.