మీ అమ్మాయి తన రిపోర్టు చదివిందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీలో చేరింది. ఆరో తరగతిలో డిస్లెక్సియా (చదవడంలో, రాయడంలో ఇబ్బంది) అని తేలింది. అప్పటి నుంచి ఏటా జూన్‌లో స్కూలుకు వెళ్లి టీచర్లందరితో నేనే మాట్లాడేదాన్ని. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం కోసం కూడా నేనే తిరిగాను. ఇప్పుడు కాలేజీలో ఎవరికీ చెప్పొద్దని గొడవ చేస్తోంది. వీక్లీ టెస్టుల్లో మార్కులు బాగా తగ్గాయి. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదవాలని తన కోరిక. నేను వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడనా? సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ తీసుకుంటే రేపు పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లండి. కానీ ఒంటరిగా వెళ్లకండి. మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. అక్కడ మాట్లాడేది తనే కావాలి. రేపే కాదు, ఒక నెల ఆగండి. ఈ నెలలో ఇంట్లో చేయాల్సిన పని కొంత ఉంది.

ముందు ఒక ప్రశ్న. ఆరో తరగతిలో చేయించిన అసెస్‌మెంట్ రిపోర్టును మీ అమ్మాయి ఎప్పుడైనా చదివిందా?

చాలా ఇళ్లలో లేదనే జవాబే వస్తుంది. రిపోర్టు బీరువాలో, ఇంటి కాగితాల పక్కన, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంటుంది. అమ్మకు అందులోని ప్రతి ముక్కా తెలుసు. నాన్నకు కొంత తెలుసు. ఎవరి గురించి రాశారో ఆ బిడ్డకు మాత్రం 'నాకేదో ఉంది' అన్నంత వరకే తెలుసు.

కొన్నేళ్ల క్రితం ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్న అబ్బాయి ఒకడు నా దగ్గరకు వచ్చాడు. మొదటి ఏడాదిలో నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయాయి. పాఠం చెబితే ఇట్టే పట్టేస్తాడు, తిరిగి నోటితో చక్కగా చెప్పగలడు. రాయాలంటేనే టైమ్ చాలదు. ఇంటర్ దాకా అదనపు సమయం తీసుకున్నావు కదా, ఇక్కడెందుకు తీసుకోలేదని అడిగాను. "అదంతా అమ్మ చూసేది సార్" అన్నాడు. ఇప్పుడు కాలేజీ వేరే ఊళ్లో ఉంది. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో వాడికి తెలియదు. తనకున్న ఇబ్బంది ఏమిటో నాలుగు మాటల్లో చెప్పమంటే తల దించుకున్నాడు. ఇంటర్ రెండేళ్లూ వాళ్ల కాలేజీకి ఉత్తరాలు రాసిచ్చింది నేనే. వాళ్లమ్మ అడిగారు, నేను రాసిచ్చాను. ఒక్కసారైనా ఆ పిల్లాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రిపోర్టు చదివించాలని నాకు తోచలేదు. అది నా తప్పు. అప్పటి నుంచి పిల్లలు పక్కన లేకుండా అలాంటి ఉత్తరం ఒక్కటీ రాయలేదు.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. మీరు అడక్కుండానే పెట్టారు. అది అవసరమే. పదకొండేళ్ల పిల్ల టీచర్ ముందు నిలబడి తన గురించి తాను మాట్లాడుకోలేదు. మీరు తిరగబట్టే తను పదో తరగతి గట్టెక్కింది. కానీ ఇప్పుడు తనకు పదహారు. ఇంకో రెండేళ్లలో మీరు అడుగుపెట్టలేని గదుల్లో కూర్చుంటుంది. పరీక్ష హాలు, స్టూడియో, తర్వాత ఆఫీసు. అక్కడ తన నోరే తనకు పని చేయాలి.

కాబట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు ఆ రిపోర్టు బయటికి తీయండి. తనను చదవమనకండి, అది తనకు శ్రమ. మీరే పైకి చదవండి. మొదటి పేజీతో మొదలుపెట్టకండి. అక్కడ అంకెలుంటాయి, మనసు వాటి దగ్గరే ఆగిపోతుంది. చివర్లో ఉండే సూచనల నుంచి మొదలుపెట్టండి. 'ఎక్కువ సమయం ఇవ్వాలి', 'ప్రశ్న చదివి వినిపించాలి' లాంటివి రాసి ఉంటాయి. ఒక్కొక్కటీ చదివి, "ఇది నీకు నిజంగా ఉపయోగపడిందా?" అని అడగండి. లేదంటే లేదని కొట్టేయనివ్వండి. తర్వాత తను బాగా చేసిన విభాగాలు చూపించండి. డిస్లెక్సియా ఉన్న చాలామంది పిల్లల రిపోర్టుల్లో ఆలోచనాశక్తి ఒక మెట్టులో, చదివే వేగం అంతకు బాగా కింది మెట్టులో ఉంటాయి. ఆ తేడాను కాగితం మీద తన కళ్లతో చూసిన రోజున 'నేను మొద్దుని' అన్న మాట తనలో కొంచెం పట్టు తప్పుతుంది. నా ఎదుట ఏడ్చేసిన పిల్లలున్నారు. బాధతో కాదు. ఇన్నేళ్లకు ఎవరో తమకు అసలు సంగతి చెప్పారని.

ఆ రిపోర్టు ఆరో తరగతి నాటిది. ఇప్పుడు కొత్తది చేయించాలి, ఎలాగూ పరీక్షల దరఖాస్తుకు కావాలి. దాని గురించి కింద చెబుతాను.

ఇక ఎవరికీ చెప్పొద్దన్న గొడవ. దీన్ని మొండితనం అనుకోకండి. మన జూనియర్ కాలేజీల సంగతి మీకు తెలుసు. వారం వారం టెస్టు, ర్యాంకును బట్టి సెక్షన్. విషయం బయటపడితే కింది సెక్షన్‌లో పడేస్తారనీ, పక్కనున్నవాళ్లు ఇంకోలా చూస్తారనీ తన భయం. ఆ భయానికి కారణం ఉంది. అయితే ఇక్కడ తనకు ఒక తేడా తెలియజెప్పాలి. చెప్పడం వేరు, అడగడం వేరు. డిస్లెక్సియా అన్న పేరు ఎత్తకుండానే చాలా సాయాలు అడగొచ్చు. ఫిజిక్స్ మేడమ్ దగ్గరకు వెళ్లి, "మేడమ్, మీరు చెప్పేది అర్థమవుతోంది. బోర్డు చూసి రాసుకునేసరికి వెనకబడిపోతున్నాను. మీ నోట్స్ జిరాక్స్ తీసుకోవచ్చా?" అంటే చాలు. చాలా కాలేజీల్లో ఫోన్ తేనివ్వరు కాబట్టి బోర్డు ఫోటో తీసుకునే వీలుండదు, జిరాక్సే దారి. డిస్లెక్సియా అని పేరు చెప్పాల్సింది ఇంటర్ బోర్డుకు, పరీక్షల సంస్థకు పెట్టే కాగితాల్లో. అవి తోటివాళ్ల కంట పడవు. ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయం తనదేనని మీరు మాటివ్వండి. ఆ మాట తప్పొద్దు. పక్కింటావిడతో అయినా సరే.

పైన మేడమ్‌తో చెప్పిన మాటల్లో మూడు సంగతులున్నాయి చూడండి. నాకు ఏది వస్తుంది, ఎక్కడ ఆగిపోతున్నాను, నాకేం కావాలి. ఈ మూడోది లేకపోతే అది ఫిర్యాదు అవుతుంది. విన్నవాళ్లు "బాగా కష్టపడమ్మా" అని పంపేస్తారు. ఫలానాది కావాలని అడిగితే అవుననో కాదనో చెప్పక తప్పదు. ఇంట్లో మీరు లెక్చరర్‌గా కూర్చుని తనతో ఇది చెప్పించండి. రెండుసార్లు ఒప్పుకోండి, మూడోసారి కాదనండి. విసుక్కోండి కూడా. కాదన్నప్పుడు ఏమనాలో మన పిల్లలకు ఎవరూ నేర్పరు. పెద్దవాళ్లు కాదంటే అక్కడితో ఆగిపోవాలనే నేర్పాం. ఎదురు మాట్లాడకుండానే ఒక్క మాట అనొచ్చు: "సరే సార్, మరి దీనికి ఎవరిని అడగాలి?" చాలాసార్లు దారి అక్కడే దొరుకుతుంది.

కాలేజీ కంటే ముందు బయట అలవాటు చేయండి. మీసేవలో, బస్‌పాస్ కౌంటర్‌లో, బ్యాంకులో ఫారం నింపాల్సి వస్తే మీరు లాక్కుని నింపకండి. "ఇది కొంచెం చదివి చెబుతారా?" అని కౌంటర్‌లో ఉన్న మనిషిని తనే అడగాలి. మీకు పక్కన నిలబడి చూడడం కష్టంగా ఉంటుంది. నిలబడండి.

వీక్లీ టెస్టుల గురించి ఒక చిన్న విషయం. మార్కులు తగ్గడానికి కారణం పాఠం రాకపోవడం కాకుండా ఓఎంఆర్ (గడులు దిద్దే జవాబు పత్రం) కావచ్చు. ఈ పిల్లలకు వరుస జారిపోతుంది. 31వ ప్రశ్న జవాబు 32లో దిద్దేస్తారు, అక్కడి నుంచి అన్నీ తప్పే. ప్రశ్నపత్రం మీద పెట్టుకున్న టిక్కులనూ ఓఎంఆర్ షీటునూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడమనండి. అదే జరుగుతుంటే, వరుస కింద స్కేలు పెట్టుకుని దిద్దడానికి ఇన్విజిలేటర్ అనుమతి అడగడం తన మొదటి విన్నపం కావచ్చు. ఇందులో ఎవరికీ ఖర్చు లేదు, కాదనే అవకాశం తక్కువ. మొదటిసారి అడిగినది దక్కితే రెండోసారి గొంతు పెగులుతుంది.

ఇక కాగితాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ (నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది) ఒకటి. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్‌కాల్క్యులియా (లెక్కల్లో ఇబ్బంది) అందులోకే వస్తాయి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాష నుంచి మినహాయింపు వంటి మార్పులు చేయాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. అదనపు సమయం సాధారణంగా గంటకు 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది.

40 శాతం లేనివాళ్లు నిరాశపడొద్దు. చేతికి రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోవడం) ఉన్న వికాశ్ కుమార్ అనే వైద్య పట్టభద్రుడు సివిల్ సర్వీసెస్ పరీక్షకు సహాయకుడు కావాలని అడిగితే, 40 శాతం లేదని నిరాకరించారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. నిజంగా రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఆ శాతం అడ్డు కాకూడదని 2021 ఫిబ్రవరి 11న కోర్టు తీర్పునిచ్చింది. దాన్ని అనుసరించి 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. ఒక్కరు అడిగినందుకు ఇప్పుడు ఎందరికో దక్కుతోంది. ఈ సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

ఇంకొకటి కూడా చెప్పండి, ఇది చేదు. అదే 2021లో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయి నీట్ రాసింది. రావాల్సిన గంట అదనపు సమయం ఇవ్వకుండానే సెంటర్లో పేపర్ తీసేసుకున్నారు. జరిగింది అన్యాయమేనని సుప్రీంకోర్టు అంది కానీ, మళ్లీ పరీక్ష పెట్టించలేదు. హాల్లో ఉన్నవాళ్లకు నియమం తెలియకపోవచ్చు. అందుకే మీ అమ్మాయి రాయబోయే పరీక్ష ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో అదనపు సమయం గురించి ఉన్న పేజీని ప్రింట్ తీసి, తనే గీత గీసి, తనే ఫైల్లో పెట్టుకోవాలి. హాల్లోకి వెళ్లే ముందే సెంటర్ సూపరింటెండెంట్‌కు చూపించాలి. దరఖాస్తు నింపేటప్పుడే అదనపు సమయం అడిగే కాలమ్‌లో అవునని పెట్టాలి. అది వదిలేస్తే పరీక్ష రోజున ఎంత బతిమాలినా లాభముండదు. ఇంటర్ పరీక్షలకైతే కాలేజీ ద్వారా బోర్డుకు ముందుగానే వెళ్లాలి. ఫీజు కట్టే రోజుల దాకా ఆగకండి. సహాయకుడితో రాయాలనుకుంటే ముందే సాధన కావాలి. జవాబును మనసులో కూర్చుకుని ముక్కముక్కగా చెప్పి రాయించడం వేరే విద్య, పరీక్ష రోజున వచ్చేది కాదు.

సర్టిఫికెట్ మెడికల్ బోర్డు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఇస్తారు. అసెస్‌మెంట్ విషయంలో మీకు దగ్గర్లోనే బోయిన్‌పల్లి వైపు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది, అక్కడ సలహా అడగొచ్చు. 2018 మార్గదర్శకాల ప్రకారం 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాల్సి ఉండేది. 18 తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్ జీవితాంతం చెల్లేది. 2024లో ఆ మార్గదర్శకాలను సవరించారు, కాబట్టి ఇప్పటి నియమం ఆసుపత్రిలోనే అడగండి.

మీ అత్తగారి మాట కొట్టిపారేయను. ఆవిడ మనవరాలి మంచికే అంటున్నారు. సర్టిఫికెట్ ఎవరి ఇంటి గుమ్మానికీ అతికించరు. కావాల్సిన చోట చూపిస్తాం, అక్కర్లేని చోట బీరువాలో ఉంటుంది. కానీ ఇక్కడ నన్ను బాధపెట్టేది వేరే. ఈ చర్చలో మీరున్నారు, అత్తగారున్నారు, నేనున్నాను. సర్టిఫికెట్ కావాలా వద్దా అని మీ అమ్మాయిని ఎవరైనా అడిగారా? లాభనష్టాలు రెండూ తన ముందు పెట్టండి. వద్దంటే ఆరు నెలల తర్వాత మళ్లీ అడగండి.

బీఆర్క్ ఆలోచన నాకు నచ్చింది. ఐదేళ్ల కోర్సు. ప్రవేశానికి నాటా పరీక్ష గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2 గానీ రాయాలి. చేతిపని, బొమ్మ, నమూనా ఎక్కువ. మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీకి ఒకసారి తీసుకెళ్లండి. అక్కడి సీనియర్లతో మీ అమ్మాయినే మాట్లాడనివ్వండి. థియరీ పేపర్లు ఎన్ని, ఎంత చదవాలి, అదనపు సమయం కావాలంటే ఎవరిని కలవాలి, అన్నీ తనే అడగాలి. ఆ కోర్సులో జ్యూరీ అని ఉంటుంది. తను గీసినదాన్ని పదిమంది ముందు నిలబెట్టి, ఎందుకలా గీసిందో చెప్పాలి. ఇప్పుడు ఫిజిక్స్ మేడమ్ ముందు నేర్చుకునేది అక్కడ అక్షరాలా పనికొస్తుంది. మాధాపూర్‌లోని ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ కూడా చూసి రండి, రెండో దారి ఉంటే టెన్షన్ తగ్గుతుంది.

నెల తర్వాత ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లినప్పుడు మీ అమ్మాయి చేతిలో ఒక పేజీ కాగితం ఉండాలి. తను చెబితే మీరు రాసినదైనా పర్వాలేదు, మాటలు తనవి కావాలి. మీరు పక్క కుర్చీలో కూర్చోండి. ప్రిన్సిపాల్ అలవాటు కొద్దీ మీవైపే తిరిగి, "చెప్పండమ్మా, ఏంటి ప్రాబ్లమ్?" అంటారు. మీకు జవాబు నోటి దాకా వస్తుంది. మీరు మీ అమ్మాయి వైపు చూడండి. తను మొదలుపెట్టే దాకా ఆగండి.