జీతం సంగతి సరే, అమ్మాయి ఏమంటోంది?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, వచ్చింది. తార్నాకలోని సీఎస్ఐఆర్ కెమిస్ట్రీ ల్యాబ్ ఐఐసీటీలో పీహెచ్‌డీ చేసి గవర్నమెంట్ ల్యాబ్‌లో సైంటిస్ట్ అవుతానంటోంది. నేను ఆర్టీసీ ఉద్యోగిని, ఇంకో మూడేళ్లలో రిటైర్మెంట్. మా అన్నయ్య కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, 22 లక్షల ప్యాకేజీ. అసలు సైంటిస్ట్‌కి ఎంత వస్తుంది? ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేయించి సాఫ్ట్‌వేర్‌లో పెట్టడమే మంచిదని అందరూ అంటున్నారు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మాట్లాడి వచ్చాం కూడా. సంబంధాలు కూడా వస్తున్నాయి. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు మీరు అడిగిన అంకె చెప్పేస్తాను. అది తెలిసే వరకు మిగతా మాటలు మీ చెవికెక్కవు.

నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు నేను ఒక కాగితం మీద పే స్లిప్ రాసి చూపిస్తాను. మీరూ పెన్ను తీసుకోండి. పీహెచ్‌డీ తర్వాత సీఎస్ఐఆర్ ల్యాబ్‌లో సైంటిస్ట్‌గా చేరితే పే లెవెల్ 11. మొదటి వరుసలో బేసిక్ 67,700. దాని కింద డీఏ. 2025 జులై నాటి 58 శాతంతో వేస్తే 39,266. హెచ్ఆర్ఏ హైదరాబాద్‌లో 30 శాతం, అంటే 20,310. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ 7,200, దాని మీద మళ్లీ డీఏ కలిపి 11,376. కింద గీత గీసి కూడితే 1,38,652. ఇందులోంచి పెన్షన్ వాటా కింద పదివేల ఏడొందల దాకా, సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం) చందా, ఇన్‌కమ్ ట్యాక్స్ పోతాయి. చేతికి లక్షా పదిహేను వేలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. క్యాంపస్‌లో క్వార్టర్ తీసుకుంటే హెచ్ఆర్ఏ రాదు, అది గుర్తుంచుకోండి.

ఇది మొదటి నెల జీతం. ఏటా బేసిక్ మీద 3 శాతం ఇంక్రిమెంట్, ఏడాదికి రెండుసార్లు డీఏ సవరణ ఉంటాయి. పైన ఖాళీ లేదు కాబట్టి ప్రమోషన్ రాదనే ఇబ్బంది సైంటిస్టులకు పెద్దగా ఉండదు. నిర్ణీత కాలం పూర్తయ్యాక పని చూసి, ఇంటర్వ్యూ చేసి పై గ్రేడ్ ఇస్తారు. సీనియర్ సైంటిస్ట్ లెవెల్ 12లో బేసిక్ 78,800 దగ్గర, ప్రిన్సిపల్ సైంటిస్ట్ లెవెల్ 13లో 1,23,100 దగ్గర మొదలవుతుంది. ఎనిమిదో వేతన సంఘం పని ఇంకా నడుస్తోంది. దాని పేరు చెప్పి యూట్యూబ్‌లో జీతాలు రెట్టింపు చేసి చూపించేవాళ్ల లెక్కలు మాత్రం ఇంట్లో వేయకండి.

ఇక మీ అన్నయ్యగారి అబ్బాయి 22 లక్షలు. దాన్ని పన్నెండుతో భాగించి పై అంకె పక్కన పెట్టకండి. ప్యాకేజీలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే లాంటివి కూడా కలిపి చెబుతారు. అవన్నీ తీసేసినా చేతికొచ్చే డబ్బులో అతనే ముందుంటాడు. మీ అమ్మాయి మొదటి జీతం అందుకునేసరికి అతను ఏడెనిమిదేళ్ల జీతం వెనకేసి ఉంటాడు. డబ్బొక్కటే లెక్క అయితే ఇక్కడితో ఆపేయవచ్చు. నేను దాచను.

కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయం జీతం గురించి కాదు. మూడేళ్లలో రిటైరవుతారు, ఆలోపు పిల్ల ఒక దారిన పడాలి, పెళ్లి జరగాలి, ఈలోపు నలుగురూ "మీ అమ్మాయి ఇంకా చదువుతూనే ఉందా" అని అడిగితే ఏం చెప్పాలి? ఇదే కదా మీ టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు ప్రతి సంవత్సరం వస్తాయి. అంకెలు మారతాయి, ఈ భయం మారదు.

దీనికి జవాబు మీ ఇంట్లోనే ఉంది. ఆ జేఆర్‌ఎఫ్ లెటర్ ఒకసారి బయటికి తీయండి. నెలకు 37,000. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. అంటే పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి ఆమె చదువుకి మీరు రూపాయి పెట్టక్కర్లేదు. నిజమే, ఫెలోషిప్ నెలనెలా టంచనుగా పడదు. ఒక్కోసారి రెండు మూడు నెలలది కలిపి వస్తుంది. చేతిలో మూడు నెలల ఖర్చు ఉంచి పంపండి, చాలు. మీ రిటైర్మెంట్ నాటికి మీ మీద ఆధారపడని బిడ్డ ఆమె. నలుగురికీ అదే చెప్పండి.

ఇప్పుడు ఆ డేటా సైన్స్ కోర్సు. ఈ విషయంలో నాకు చాలా అనుమానాలున్నాయి. ఆ రంగం చెడ్డదని అనను. గణితం, స్టాటిస్టిక్స్ మీద పట్టున్నవాళ్లకు, ఇష్టపడి నేర్చుకునేవాళ్లకు మంచి భవిష్యత్తే ఉంది. నా అనుమానం "ఆరు నెలలు" అన్న మాట మీద. ఈ కోర్సులు చేసి వచ్చిన పిల్లల రెజ్యూమెలు నా టేబుల్ మీద చాలానే ఉంటాయి. పేరు, ఫొటో తీసేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. అవే మూడు ప్రాజెక్టులు: ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారన్న అంచనా, సినిమా రివ్యూ మంచిదా చెడ్డదా అని తేల్చడం. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇవి వందసార్లు చూసి ఉంటారు. పైగా ఫ్రెషర్ ఉద్యోగాలకు ఆమె పోటీ పడాల్సింది నాలుగేళ్లు కోడింగ్ చేసి వచ్చిన సీఎస్ఈ పిల్లలతో. అక్కడ మీ అమ్మాయి ఎమ్మెస్సీకి విలువ లేదు, జేఆర్‌ఎఫ్‌కి అసలే లేదు. ఆ ఇన్‌స్టిట్యూట్ కాగితం మీద "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని ఉందా, "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అని ఉందా? చూడండి. మొదటిదైతే రెజ్యూమె ఫార్వర్డ్ చేసినా వాళ్ల బాధ్యత తీరిపోయినట్టే.

ఒక మాట. పీహెచ్‌డీ చేస్తూనే ఆమె పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. కొత్త మందుల అణువులను ముందు కంప్యూటర్ మీద వడపోసే పనికి కెమిస్ట్రీ లోతుగా తెలిసినవాళ్లే కావాలి. ఆ వరసలో నేర్చుకుంటే అది ఆమెకు బలం. కెమిస్ట్రీ వదిలేసి నేర్చుకుంటే గుంపులో ఒకరవుతుంది.

ఇక్కడ మిమ్మల్ని కాస్త గట్టిగానే అడగాలి, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో అన్నయ్యగారి అబ్బాయి ప్యాకేజీ ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఉంది, సంబంధాలున్నాయి. ఆ అమ్మాయి ఏ సబ్జెక్టులో పనిచేయాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. దేశమంతా రాసే పరీక్షలో నెగ్గి వచ్చిన పిల్లను పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ల చుట్టూ తిప్పారు. మీరు ఆమెతో కూర్చుని "ఆ ల్యాబ్‌లో ఏం చేస్తారమ్మా" అని ఒక్కసారైనా అడిగారా? కొవాగ్జిన్ టీకా మనలో చాలామందికి పడింది. అందులో టీకా పనితనం పెంచడానికి వాడిన అణువును తయారుచేసే పద్ధతి రూపొందించింది ఆమె వెళ్తానంటున్న ఐఐసీటీ కెమిస్టులే. ఆమె అడిగేది ఆ పని చేసే అవకాశం.

మీరు నిజంగా కంగారు పడాల్సిన విషయం ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ మీకు చెప్పలేదు. పీహెచ్‌డీ పూర్తయితే సైంటిస్ట్ ఉద్యోగం దానంతట అది రాదు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో తెలియదు. సీఎస్ఐఆర్ సైంటిస్ట్ పోస్టుకి వయోపరిమితి సాధారణంగా 32. మీ అమ్మాయికి ఇప్పుడు 23 అనుకుందాం. పీహెచ్‌డీ అయిదారేళ్లు, ఆపైన రెండేళ్లు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన. 30, 31 వచ్చేస్తాయి. గైడ్ దగ్గర పీహెచ్‌డీ ఏడేళ్లు సాగితే ఆ తలుపు మూసుకుపోయినట్టే. అందుకే ల్యాబ్ పేరు కంటే గైడ్ ముఖ్యం. ఆయన దగ్గర ఇంతకుముందు చేసినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు అన్నది చేరకముందే కనుక్కోవాలి. ఈలోపు ప్రాజెక్టు పోస్టులు వస్తాయి, కానీ ప్రాజెక్టుతో పాటే అవీ అయిపోతాయి. వాటిని ఉద్యోగం అనుకుని ఏళ్లు గడిపేయకూడదు.

పీహెచ్‌డీ లేకుండానే వెళ్లగలిగే తలుపులు కూడా రెండున్నాయి. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్‌కి ఎమ్మెస్సీ కెమిస్ట్రీతో అప్లై చేయవచ్చు, ఏడాది శిక్షణ తర్వాత సైంటిఫిక్ ఆఫీసర్. గేట్ పరీక్ష స్కోరుతో డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ)లో సైంటిస్ట్ బి. రెండూ లెవెల్ 10, బేసిక్ 56,100. పైన చేసిన లెక్క ప్రకారం హైదరాబాద్‌లో అయితే మొత్తం లక్షా పదహారు వేల పైచిలుకు. పీహెచ్‌డీలో చేరినా మొదటి ఏడాది వీటికి ప్రయత్నించమనండి. ప్రభుత్వ ల్యాబ్ కుదరకపోయినా సింథటిక్ కెమిస్ట్రీలో మంచి పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా కంపెనీల ఆర్ అండ్ డీలో చోటుంది.

మీరు బీసీ అయితే ఒక పని ఇప్పుడే చేయండి. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగాలకు పనికిరాదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకుని, ఉంటే కేంద్ర ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఎమ్మార్వో ఆఫీసు నుంచి తీసుకోండి. వయసులో మూడేళ్ల సడలింపు దానితోనే వస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు.

ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు కట్టామని రాయలేదు, అంటే ఇంకా కట్టలేదనే అనుకుంటున్నాను. కట్టకండి. ఆ జేఆర్‌ఎఫ్ లెటర్ మీద గడువు తేదీ ఎప్పుడో చూసి, ఆలోపు ఒక రోజు సెలవు పెట్టి ఆమెతో పాటు తార్నాక రండి. అక్కడ పీహెచ్‌డీ మూడో ఏడాదో, నాలుగో ఏడాదో చదువుతున్న అమ్మాయిలతో ఆమెను ఒంటరిగా ఒక గంట మాట్లాడనివ్వండి. తిరిగి వచ్చే బస్సులో ఆమె చెప్పేది వినండి. ఆ తర్వాత కూడా సందేహం మిగిలితే, ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి.