మడత కత్తి బ్లేడు ఊగుతుంటే బిగించుకోవాలా, వాపసు పంపాలా?

ఆన్‌లైన్‌లో కొన్న మడత కత్తి తెరిచి లాక్ పడ్డాక కూడా బ్లేడు పక్కలకు కదులుతోందని, స్క్రూ బిగిస్తే కదలిక పోయింది గానీ ఇప్పుడు తెరవాలంటే రెండు చేతులూ కావాల్సి వస్తోందని రాశారు. ఇది మామూలేనా, లోపమా అని అడిగారు. మీరు చెప్పిన ఆ రెండో మాటలోనే సగం జవాబు ఉందండి.

నేను కడియంలో నర్సరీ పనిలో ఉన్నాను, పదహారేళ్లుగా మామిడి అంట్లు కడుతున్నాను. మా పనిలో కత్తి ఊగితే అది నేరుగా మొక్క మీద కనిపిస్తుంది. సయాన్ పుల్ల (అంటు కట్టడానికి మంచి చెట్టు నుంచి కోసిన కొమ్మ) కొసను రెండు వైపులా చీలలా చెక్కి, కింది మొక్క కాండం చీల్చి అందులో దించి, ప్లాస్టిక్ రిబ్బన్‌తో బిగించి కడతాం. రెండిటి బెరడు కింద ఉండే పచ్చటి పొరలు ఒకదానికొకటి ఆనాలి. బ్లేడు ఊగితే కోత నున్నగా రాదు, అలలు అలలుగా వస్తుంది. పుల్లను దించి ఎండకు ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. ఒక ఏడాది వానాకాలంలో అలాంటి కత్తితోనే నాలుగు రోజులు పని లాగించాను. ఆ అంట్లలో సగానికి పైగా ఎండిపోయాయి. అదే చెట్టు పుల్లలతో పక్క మనిషి వేరే కత్తితో కట్టినవి మాత్రం బాగానే చిగురు వేశాయి. అప్పటినుంచి కత్తి చేతికి రాగానే ముందు ప్లే (లాక్ పడ్డాక కూడా బ్లేడు ఊగడం) చూస్తాను, పదును తర్వాత. పదును మనం పెట్టుకోవచ్చు.

చూసే పద్ధతి చెబుతాను. చాలామంది మొన పట్టుకుని ఊపుతారు. అలా చేస్తే పల్చటి బ్లేడు ఏదైనా వంగుతుంది, దాన్ని ప్లే అనుకుంటాం. బ్లేడును వెన్ను వైపు నుంచి, పిడికి దగ్గరగా రెండు వేళ్లతో పట్టుకోండి, అంచుకు వేలు తగలకుండా. రెండో చేతి బొటనవేలు బ్లేడు, పిడి కలిసే చోట ఆనించి పక్కలకు నొక్కండి. ఉక్కు వంగితే మెత్తగా వంగి మెత్తగా వెనక్కి వస్తుంది. ప్లే ఉంటే ఆ బొటనవేలికి 'టిక్' మని తగులుతుంది. ఆ టిక్ ఒకసారి తెలిస్తే ఇక మర్చిపోరు. ఇరుసు (బ్లేడు తిరిగే పిన్ను) దగ్గర వాషర్ సెంటీమీటరు వెడల్పు, బ్లేడు ఏడున్నర సెంటీమీటర్ల పొడవు అనుకోండి. అక్కడ వెంట్రుక మందం సందు ఉన్నా మొన దగ్గర ఏడున్నర రెట్లు అవుతుంది.

తర్వాత పైకీ కిందకీ. లాక్ పడ్డాక బ్లేడు వెన్ను మీద, మూసే దిశలో నెమ్మదిగా ఒత్తండి. వేళ్లు మాత్రం బ్లేడు మూసుకునే దారిలో ఉండకూడదు. పక్కల ప్లే చాలావరకు ఇరుసు బిగింపు సంగతి. ఈ నిలువు ప్లే లాక్ సంగతి, స్క్రూ తిప్పితే పోయేది కాదు. నేనొకసారి లైనర్ లాక్ (పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడును ఆపే రకం) కత్తిలో ఈ నిలువు కదలిక చూసి కూడా పనికొస్తుందిలే అని వాడాను. నెల తిరక్కుండా లాక్ జారి బ్లేడు చూపుడు వేలి మీదికి మూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. మీది లైనర్ లాక్ అయితే తెరిచి లోపలికి చూడండి. లోపలి రేకు బ్లేడు మడమ (పిడిలో ఉండే వెనక కొస) కింద మూడో వంతు నుంచి సగం దాకా వచ్చి ఆగితే మంచిది. కొత్త కత్తిలోనే అవతలి అంచు దాకా వెళ్లిపోయిందంటే ఇక అరగడానికి చోటు లేదన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. ఊగకపోవడం ఒక్కటే నాణ్యత కాదు. ఏ కత్తినైనా స్క్రూ బిగబట్టి ఊగకుండా చేయొచ్చు. ఊగకుండా ఉంటూనే బ్లేడు తేలిగ్గా తిరగాలి, రెండూ ఒకే బిగింపు దగ్గర కుదరాలి. వాషర్లు సమంగా, ఇరుసు తిన్నగా, రంధ్రం సరైన కొలతలో ఉంటేనే అది సాధ్యం. కంచు వాషర్లున్న మంచి కత్తిలో ఆ బిందువు తేలిగ్గానే దొరుకుతుంది. మూసినప్పుడు బ్లేడు సరిగ్గా మధ్యలో లేదని కొందరు టెన్షన్ పడతారు. పక్కకు రాసుకోనంత వరకు దాన్ని నేను పట్టించుకోను.

కాబట్టి ముందు స్క్రూ వదులు చేసి ఇరుసును కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, ఒక చుక్క నూనె వేయండి. లోపల ఏదైనా ఎండి పట్టేస్తే అసలు ప్లే దాగిపోతుంది. మా కత్తుల్లో మామిడి సొన అదే పని చేస్తుంది, కడిగాక గానీ ఊగుడు బయటపడదు. తర్వాత సరిపోయే నక్షత్రం బిట్‌తో (ఎక్కువగా టీ6 లేదా టీ8) కొంచెం కొంచెంగా బిగించండి. గడియారంలో నిమిషాల ముల్లు ఐదు నిమిషాల్లో జరిగినంత చాలు. ప్రతిసారీ పైన చెప్పినట్టు చూసుకోండి. కుదిరితే కత్తిలో తప్పు లేదు. తర్వాత ఆ స్క్రూ మరకు, అది వదులవకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు లాక్‌టైట్ చిన్న చుక్క పెట్టి ఒక రోజు వదిలేయండి. ఎరుపుది వద్దు, వేడి చేస్తే గానీ ఊడదు.

స్క్రూ లేని కత్తులకు ఇవన్నీ వర్తించవు. విక్టోరినాక్స్ చాకుల్లో ఇరుసు రివిట్ కొట్టి ఉంటుంది, అక్కడ బిగించుకోవడానికి ఏమీ లేదు. కొనేటప్పుడే సరిగ్గా ఉండాలి. తెరిచినా మూసినా చప్పుడు స్పష్టంగా రావాలి, వెలుతురుకు పెడితే స్ప్రింగ్‌కీ రేకుకీ మధ్య సందు కనిపించకూడదు. ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్‌కు చెక్క పిడి. మా గోదావరి వానల్లో అది ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, ఎండాకాలంలో మళ్లీ వదులవుతుంది. అది చెక్క గుణం, లోపం కాదు. మా నాన్న పాత అంటు కత్తి రివిట్ వదులైతే మా ఊరి కమ్మరి దాన్ని దాగలి మీద పెట్టి చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేసి సరిచేశాడు. అయిదో దెబ్బకు పిడి పగులుతుందని ఆయనే ఆగాడు. కొత్త కత్తికి మీరు ఆ పని చేయకండి.

మీ కత్తి వదులుగా ఉంటే ఊగుతూ, బిగిస్తే పట్టేస్తూ, మధ్యలో ఎక్కడా కుదరకపోతే వాపసు పంపేయండి. నిలువు ప్లే కనిపిస్తే స్క్రూ జోలికి కూడా పోకుండా పంపేయండి. గడువు ఎన్ని రోజులుందో ఇవాళే చూసుకోండి. లాక్‌టైట్ మాత్రం ఉంచుకుంటానని నిశ్చయించుకున్నాకే వేయండి, అది వేసిన కత్తిని వెనక్కి తీసుకోమని అడగడం కష్టం.