విశాఖ రేవు చూడబోయే ముందు

హనుమకొండ

బిడ్డా,

దసరా సెలవుల్లో పిల్లలను విశాఖపట్నం తీసుకపోతున్నమని రాసినవ్, సంతోషం. నువ్వు పంపిన మూడు రోజుల పట్టికలో అరకు కూడా ఉంది. దాన్ని తీసెయ్యి. రానుపోను ఒక దినం అక్కడికే పోతది, ఊరు సగమే చూసి వస్తరు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు వరంగల్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతరు, ఆ రోజంతా మీ చేతిలో ఉంటది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తరు, పండుగ రోజులకు ఆ పొద్దే చేయించు. అక్టోబర్ తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్ ఆ ఊరిని తాకింది అక్టోబర్ 12నే. బయలుదేరే ముందు వాతావరణ హెచ్చరికలు చూసుకో.

మన ఎండ మాడుస్తది, కానీ చెమట వెంటనే ఆరుతది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరక ఒళ్లు చల్లబడదు. పది గంటలకే పిల్లలు వాడిపోతరు. అందుకే కొండలు పొద్దుగాల ఎక్కాలె, మ్యూజియాలు మధ్యాహ్నం దాటినంక చూడాలె.

మొదటి పొద్దు తొట్లకొండకు పో. భీమిలి రోడ్డులో సుమారు 16 కిలోమీటర్లు. 1970లలో నౌకాదళం తన అవసరానికి సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం బయటపడ్డది, 1988 నుంచి 1993 దాకా తవ్విండ్రు. మన ధూళికట్ట స్తూపం చూసిన పిల్లలకు ఇది తొందరగా అర్థమైతది. ముందు రాతిలో తొలిచిన నీటి తొట్లు చూపించు, కొండకు ఆ పేరు వాటితోనే వచ్చింది. 128 మీటర్ల ఎత్తున అంతమంది భిక్షువులు ఎట్ల బతికిండ్రో ఆ తొట్లే చెప్తయి. తర్వాత స్తూపం, చైత్యం (భిక్షువుల ప్రార్థన మందిరం), గదుల వరుసలు. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికినయి. సముద్రం కనిపించే దిక్కున నిలబెట్టి ఆ ముచ్చట చెప్పు. పైన నీడ తక్కువ. తలకు రెండు లీటర్ల నీళ్లు పట్టుకపో, తిండి కూడా. ఆటోను కింద వదిలేస్తే తిరుగు బండి దొరకడం కష్టం, రెండు గంటలు ఆగేటట్టు ముందే బేరమాడు. తొందరగా అయిపోతే అదే దారిలో భీమిలి పోయి డచ్చివాళ్ల సమాధులు చూసి రా.

కురుసుర జలాంతర్గామి రామకృష్ణ బీచ్ ఒడ్డునే ఉంది. సోమవారం మూస్తరు, ఆ రోజు దానికి పెట్టుకోకు. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో పనిచేసి, 2001లో సేవ ముగించింది. మరుసటేడు మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు, లోపల ఏడు గదులు. గదికీ గదికీ నడుమ గుండ్రటి ద్వారాలు, వంగి కాలెత్తి దాటాలె. అక్కడనే తలలు తగులుతయి. వీపు సంచి బయటనే వదిలిపెట్టు. మీ అత్తమ్మకు మోకాళ్ల నొప్పులుంటే లోపలికి తీసుకపోకు, ఇరుకుకు భయపడేటోళ్లను కూడా బలవంతపెట్టకు. మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. లోపల వివరించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనోళ్లు. వెనుక జనం తోస్తున్నా ఆగి అడగమను, టార్పెడో గొట్టాల కాడ తప్పకుండా. ఎదురుగా నౌకాదళం వాడిన టీయూ-142 విమానం ఉంది, దాన్ని కూడా అదే సాయంత్రం చూడొచ్చు. విశాఖ మ్యూజియం బీచ్ రోడ్డుమీదనే, పాత డచ్చి బంగళాలో ఉంటది.

చివరి పొద్దు పాత ఊరికి. చాలామంది ఇదే వదిలేస్తరు, నాకైతే ఇదే అసలైంది. రేవు నోటి కాడ మూడు గుట్టలున్నయి: రాస్ కొండ మీద చర్చి, దర్గా కొండ మీద దర్గా, మూడోదాని మీద వేంకటేశ్వరుడు. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యలో ఓడలు పోయే కాలువ. రేవు 1933లో తెరిచిండ్రు. కట్టేటప్పుడు అలల తాకిడి ఆపనీకి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచిండ్రు. పైన అరగంట కూర్చుంటే ఓడ దాటేది చూడొచ్చు, వెంటనే దిగి రాకు. అక్కడనే పిల్లలకు మన కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం సంగతి చెప్పు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేటోళ్లు. ఓరుగల్లు నుంచి ఏలిన ఆ రాజు 1244లో శాసనం వేయించి వర్తకులకు అభయమిచ్చిండు.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న: రామకృష్ణ బీచ్‌లో పిల్లలను మోకాళ్ల లోతు కూడా దిగనియ్యకు. మన చెరువు లెక్క కాదు, వెనక్కి పోయే అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తది. ఈతొచ్చినోళ్లు కూడా అక్కడ పోయిండ్రు.

మీ పెద్దబాపు