అమరావతి రాయి మీద మా ఇంట్లో జరిగిన వాదన

తీరిక వేళల్లో చరిత్ర, తత్వం, కళల మీద చేసుకునే వాదనల వల్ల ఎవరి అభిప్రాయమైనా మారగా చూశారా అని ఒకరు నన్ను అడిగారు. చూశాను, మారింది నా అభిప్రాయమే. ఎదుటివాళ్లు నన్ను ఒప్పించడం వల్ల మాత్రం కాదు. ఓడిపోతున్నానన్న ఉక్రోషంతో ఆధారాల కోసం వెతికితే, దొరికినవన్నీ నాకే ఎదురు తిరిగాయి.

మాది గుంటూరు. రెండేళ్ల క్రితం కనుమ నాడు మా మేనమామగారింట్లో భోజనాలయ్యాక అందరం వసారాలో కూర్చున్నాం. మామయ్య తెలుగు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు, తర్కశాస్త్రం సరదా కొద్దీ చదువుకున్నారు. ఆయన కొడుకు, అంటే మా బావ, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. శిల్పం గురించి తనకు ఓనమాలు కూడా రావని ముందే చెప్పేసి, ఆ తరువాత అందరికంటే ఎక్కువ మాట్లాడతాడు. మాట ఎలా వచ్చిందో గుర్తులేదు గాని, అమరావతి శిల్పాలను తెల్లవాళ్లు పెకలించుకుపోయారని, లేకపోతే అక్కడి బౌద్ధ స్తూపం మహాచైత్యం ఈనాటికీ సాంచి స్తూపంలా నిలబడి ఉండేదని నేను ఆవేశంగా అన్నాను. మామయ్య చేగోడీల పళ్లెం నా వైపు జరిపి, "పెకలించడం మొదలుపెట్టింది మనవాళ్లేరా, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కాలం సంగతి చదివావా?" అని అడిగారు.

చదవలేదు. ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను. జమీందారు వెంకటాద్రి నాయుడు 1790ల చివర చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చి ఊరు కట్టించేటప్పుడు, స్తూపాన్ని కప్పేసిన, స్థానికులు దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వించాడు. సంగతి తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేసరికి, దిబ్బ నడుమ భాగం చెరువుగా మారిపోయి ఉంది. అప్పుడు వాళ్లు కాగితాల మీద గీసిన బొమ్మలే చాలా శిల్పాలకు ఇవాళ మిగిలిన ఏకైక ఆనవాళ్లు. చిన్నప్పటి నుంచి నేను చలువరాయి అనుకుంటున్నది చలువరాయే కాదనీ, అది పలనాటి సున్నపురాయి అనీ కూడా అప్పుడే తెలిసింది. సున్నపురాయి కావడమే దానికి శాపమైంది. చెక్కిన పలకలు ఎన్నో సున్నం కోసం బట్టీల్లో కాలిపోయాయి.

దీన్నిబట్టి తెల్లవాళ్ల తప్పేమీ లేదని మామయ్య అనబోతే నేను ఊరుకోలేదు, ఎందుకంటే ఆ పక్క కథ కూడా అంత అందంగా లేదు. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లు ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో వాటిని ఓడలో లండనుకు తరలించారు. చివరికి అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశం మీద స్థలం మొత్తాన్ని ఒక్కసారిగా తవ్వి శుభ్రం చేయించారు. ఏ రాయి ఎక్కడ ఉండేదో సరిగా రాసుకోకుండా తవ్వేసినందువల్ల, ఆ తరువాత వచ్చిన పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్‌కు మిగిలింది దాదాపుగా ఒక గొయ్యి. ఇందులో ఎవరి వాటా ఎంత అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. అయితే "వాళ్లు" అన్న ఒక్క మాటతో సరిపెట్టే అలవాటు మాత్రం నాకు పోయింది.

అసలు వాదన మరుసటి వారం, ఫోనులో. మామయ్య ఒక ఫోటో పంపించారు. అది బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి పలక. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, ఆసనం ముందు పాదముద్రలు, చుట్టూ చేతులు జోడించిన భక్తులు ఉన్నారు, బుద్ధుడు మాత్రం లేడు. "చూశావా, శూన్యవాదాన్ని రాతిలో చెక్కారు. నాగార్జునాచార్యుడి నేల ఇది" అన్నది ఆయన మాట. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట నచ్చింది. ఖాళీ ఆసనానికి, దేనికీ తనంతట తానుగా ఉనికి లేదనే శూన్యతకు ముడిపెట్టడం వినడానికి ఎంతో బాగుంటుంది. బాగుంది కదా అని ఒకరిద్దరికి నేనే చెప్పాను కూడా.

తరువాత తేదీలు చూసుకుంటే ముడి విడిపోయింది. ఆ పలకను క్రీ.పూ. 1వ శతాబ్దపు పనిగా పండితులు లెక్కగడుతున్నారు. ఈ శూన్యతను బోధించే మాధ్యమిక దర్శనానికి మూలపురుషుడైన నాగార్జునుడిని సాధారణంగా క్రీ.శ. 2వ శతాబ్దం ప్రాంతానికి చెందినవాడుగా చెబుతారు. రెండు వందల ఏళ్ల తరువాత పుట్టబోయే తత్వాన్ని శిల్పి ముందే ఎలా చెక్కుతాడు? పైగా అవే గుర్తులు మధ్యభారతపు స్తూపాలైన సాంచిలోనూ భార్హుత్‌లోనూ ఉన్నాయి కాబట్టి, అది ఒక్క ఆంధ్రదేశపు భావనని చెప్పుకోవడానికీ వీలు లేదు. ఇదంతా రాసి పంపితే మామయ్య రెండు రోజులు పలకలేదు.

ఈలోగా బావ ఫోను చేశాడు. "మీ ఇద్దరూ బుద్ధుడు ఎందుకు లేడని కొట్టుకుంటున్నారు. అసలు అది బుద్ధుడి బొమ్మేనని మీకు ఎవరు చెప్పారు? నాకైతే బుద్ధుడు పోయాక జనం ఆ చెట్టు దగ్గరికి వెళ్లి దండం పెట్టుకుంటున్నట్టుంది. మన వాళ్లు తిరపతి వెళ్లి ఫోటో దిగినట్టు" అన్నాడు. ఓనమాలు రాని మనిషి మాట కదా అని నవ్వేశాను. తీరా చూస్తే 1990లో సుసాన్ హంటింగ్టన్ అనే కళాచరిత్రకారిణి ఇంచుమించు ఇదే వాదించింది. ఇలాంటి దృశ్యాలలో చాలావాటిని బుద్ధుడి జీవిత ఘట్టాలుగా కాక, ఆయన నడిచిన పుణ్యక్షేత్రాలలో జరిగిన పూజలుగా చూడాలని ఆమె అన్నది. దానికి మరో కళాచరిత్రకారిణి విద్యా దెహేజియా మరుసటి ఏడాదే జవాబు చెబుతూ, ఒకే గుర్తు ఒకచోట బుద్ధుడిని, మరొకచోట క్షేత్రాన్ని, ఇంకోచోట ఒక గుణాన్ని సూచించవచ్చని అన్నది. నాకు దెహేజియా వైపే మొగ్గు. శిల్పి ఒకే బొమ్మలో రెండు అర్థాలు పొదగలేనంత అమాయకుడని నేను అనుకోను. అయినా బావ ఆ ప్రశ్న వేసింది పుస్తకం చదివి కాదు, బొమ్మను తేరిపార చూసి. ఆ పని మామయ్యా చేయలేదు, నేనూ చేయలేదు.

ఈ సంగతి విని మామయ్య, "వాడు చేసింది వితండ" అన్నారు. బావ చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు ఆయన వివరంగా చెప్పారు. మనం వితండవాదం అంటే మొండివాదం అనే అర్థంలో వాడుతున్నాం గాని, తర్కానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల ప్రకారం కథ, అంటే చర్చ, మూడు విధాలు. ఇద్దరూ సత్యం తేల్చుకోవడానికి ప్రమాణాలతో మాట్లాడుకుంటే వాదం. గెలుపే గురిగా మాటలు మెలితిప్పయినా సరే నెగ్గాలని చూస్తే జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని ఖండిస్తూ పోతే వితండ. ఆ న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికులకు నాగార్జునుడి మీద ఉన్న ఫిర్యాదు కూడా అలాంటిదే. ఆయన తన విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో తనకు ప్రతిజ్ఞ, అంటే నిలబెట్టాల్సిన ప్రతిపాదన, అంటూ ఏదీ లేదని, కనుక ఆ దోషం తనకు అంటదని జవాబు చెప్పుకున్నాడు. "అయితే నేను నాగార్జునుడి పార్టీ" అని బావ తేల్చేశాడు. నేను కనుమ నాడు చేసినది జల్పమని మామయ్య నోటితో అనలేదు గాని, నాకు అర్థమైంది.

ఆ వేసవికి ముగ్గురం గుంటూరు నుంచి బస్సెక్కి అమరావతి వెళ్లాం. ఒకప్పుడు దాదాపు 50 మీటర్ల వ్యాసంతో నిలిచిన మహాచైత్యం ఉన్నచోట ఇప్పుడు గడ్డి పెరిగిన గుండ్రటి తక్కువ దిబ్బ, అక్కడక్కడా నిలబెట్టిన పలకలు ఉన్నాయి. బావ చుట్టూ తిరుగుతూ అడుగులు లెక్కపెట్టాడు. పక్కనున్న మ్యూజియంలో ఒక పద్మం ముందు మామయ్య చాలాసేపు నిలబడ్డారు. రేకుల అంచు ఒకచోట విరిగి, లోపలి రాయి లేత ఆకుపచ్చగా కనబడుతోంది. "చలువరాయి కాదన్నావే, సరే" అన్నారు. అప్పటిదాకా ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో నేను దాచుకున్న చివరి విషయం చెప్పాను. లండనులోని ఆ పలక రెండు వైపులా చెక్కినది. భక్తులు, చెట్టు, ఖాళీ ఆసనం ఉన్న ముఖం ముందుది. క్రీ.శ. 3వ శతాబ్దంలో, స్తూపాన్ని మళ్లీ అలంకరించినప్పుడు, అదే పలకను వెనక్కి తిప్పి రెండో ముఖం మీద స్తూపాన్నే చెక్కారు. అందులో సింహాలు, స్తూపం ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద నిలిచే అయిదు ఆయక స్తంభాలు, బారులు తీరిన జనం ఉంటారు. అంటే పాత బొమ్మ గోడ వైపుకు పోయింది. ఎందుకు తిప్పారు? రాయి ఆదా కోసం అన్నాడు బావ. అభిరుచి మారి ఉంటుందని నేను అన్నాను.

మామయ్య కిటికీలోంచి చూస్తూ ఉండిపోయి, తాడికొండ దాటాక అన్నారు: "శిల్పి నాగార్జునుడిని చదవలేదు, ఒప్పుకున్నాను. మరి నాగార్జునుడు ఆ శిల్పాన్ని చూసి ఉండొచ్చు కదా? ధాన్యకటకంతో, అంటే పాత అమరావతితో, ఆయనకు సంబంధం ఉందని సంప్రదాయం చెబుతూనే ఉంది. అప్పటికి ఆ పలక ఇంకా తిప్పలేదు. ఖాళీ ఆసనం బయటికే కనిపిస్తోంది."

ఇది నిరూపించడానికి ఏ శాసనమూ లేదని అన్నాను. కాదనడానికి ఉందా అని ఆయన అడిగారు. బస్సు గుంటూరు చేరేదాకా నాకు జవాబు తోచలేదు.